రక్షణ చచ్చిన తర్వాతేనా?

(పునరుత్థాన పండుగ నాడు తెల్లవారుజామున, రెండు పల్లెల సమాధుల దొడ్డి దగ్గర జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం.)



నిన్న సాయంత్రమే వచ్చి సమాధులకి సున్నం కొట్టారు. గడ్డి పీకారు. ఇవ్వాళ మూడింటికే లేచి తలలకి పోసుకుని, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. అయ్యగారు వాక్యం చెప్పారు. పాటలు పాడుకున్నాం. తెల్లారేలోపల రెండు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను పాస్టర్ని కాను. సెమినరీ చదవలేదు. మాదిగపల్లె సండేస్కూల్లో వాక్యాలు కంఠతా పెట్టినవాణ్ణి, తర్వాత సంఘం పనిలో ఊళ్ళు తిరిగినవాణ్ణి. ఈ రెండూ నాలో ఎప్పుడూ దెబ్బలాడుకుంటూనే ఉన్నయ్. ఆ దెబ్బలాట గురించే ఇవ్వాళ మాట్లాడతాను.

ముందుగా ఒక మాట అడుగుతాను. మీరు ఇక్కడికి ఏ దారిన వచ్చారు? రోడ్డు దిగినకాడి నుంచి పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరు, ముసలమ్మల చేతులు పట్టుకుని, కొవ్వొత్తి ఆరిపోతే ఆగి వెలిగించుకుంటూ వచ్చారు. మన తాతల నాడు ఇక్కడికి రెండెడ్ల బండి వచ్చేది. ఆ బండిదారి రెవెన్యూ నక్షాలో ఇప్పటికీ ఉంది. నేల మీద లేదు. పక్కన ఉన్న ఆసామి ఏడాదికి రెండు చాళ్ళు చొప్పున కలుపుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మిగిలింది అడుగున్నర గట్టు. బతికున్నోళ్ళం దాని మీద నడిచి రాగలం. పాడె మోసే నలుగురు నడవలేరు.

మా అమ్మ పోయింది నాట్ల కాలంలో. వాన కురుస్తానే ఉంది. పెట్టె తీసుకుని ఇక్కడిదాకా వచ్చేసరికి గట్టు కాడ ఆసామి మనుషులు నిలబడ్డారు. "నాట్లు పడ్డయ్, తొక్కితే ఊరుకోం" అన్నారు. ఆ మడిలో నాట్లేసింది ఎవరు? అంతకుముందు వారం మా పల్లె ఆడోళ్ళే ఏశారు. మా అమ్మ యాభై ఏళ్ళు ఆ మళ్ళలోనే వంగి నాట్లేసింది. ఆఖరికి కాలవలో దిగాం. మొలలోతు నీళ్ళు. పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాం. నడిమధ్యలో మా బావ కాలు జారింది. పెట్టె ఒకపక్కకి ఒరిగింది. నీళ్ళు లోపలికి పోయినయ్. తడిసిన చీరతోనే మా అమ్మని గుంటలో దించాం.

ఆ రోజు నేను ఏడుస్తా కూర్చుంటే, వచ్చిన పెద్దాయన ఒకాయన భుజం మీద చెయ్యేసి, "బాధపడమాక నాయనా, ఆమె ఆత్మ ప్రభువు దగ్గరికి చేరింది, దేహానిది ఏముంది, మట్టే కదా" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాలనే అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. దేహానిది ఏముంది అంటే, మరి ఆ ఆసామి కూడా అదే అంటున్నాడు కదా! మీ దేహాలదేముందిరా, కాలవలో పోతే ఏంటి, గట్టు మీద పోతే ఏంటి అనే కదా వాడి లెక్క! మన నమ్మకమూ, వాడి లెక్కా ఒకే మాట దగ్గరికి ఎట్లా వచ్చినయ్? ఎక్కడో తప్పు జరిగింది. ఆ తప్పు బైబిల్లో ఉందా, మనకి చెప్పినవాళ్ళ దగ్గర ఉందా అని అప్పటినుంచి వెతుకుతున్నాను.

మన పల్లెల్లో రెండు రకాల మాటలు వినపడతయ్. ఒకటి ప్రసంగ పీఠం మీది నుంచి. రక్షణ అంటే పాపక్షమాపణ, చచ్చిన తర్వాత పరలోకం, ఈ లోకం నాలుగు రోజుల సత్రం, ఓర్చుకోండి అని. రెండోది మన ఉద్యమ మిత్రుల నుంచి. పరలోకం అంతా మోసం, అది మిమ్మల్ని జోకొట్టే జోలపాట, ఆ పుస్తకం మూసి చట్టం పుస్తకం తెరవండి అని. మొదటివాళ్ళ మాట వింటే దారి పోతుంది. రెండోవాళ్ళ మాట వింటే, మా అమ్మని ఆ గుంటలోనే శాశ్వతంగా వదిలేసినట్టు అవుతుంది. నాకు దారీ కావాలి, మా అమ్మా కావాలి.

అంబేడ్కర్ గారు ఈ ప్రశ్నని ఎప్పుడో వేశారు. క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరానివాళ్ళ గురించి ఆయన రాసిన వ్యాసాలు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన రచనల అయిదో సంపుటిలో ఉన్నయ్. నీ కష్టానికి కారణం నీ పాపమే అని చెపితే, మనిషి తన మీద జరుగుతున్న అన్యాయాన్ని చూడడు, తనలోకే చూసుకుంటా కూర్చుంటాడు అని ఆయన మందలించారు. అంటరానితనాన్ని పుట్టించిన వ్యవస్థని వదిలేసి పాపం పేరుతో బాధితుణ్ణే నిందిస్తే అతను తిరగబడేదెప్పుడు? ఇది శత్రువు వేసిన ప్రశ్న కాదు, మన తండ్రి వేసిన ప్రశ్న. మనం దీనికి సమాధానం చెప్పాలి. కోప్పడి తప్పించుకోకూడదు.

రక్షణ అనే మాట బైబిల్లో మొట్టమొదట ఎవరికి అర్థమైంది? ఐగుప్తులో ఇటుకలు కోసే వెట్టివాళ్ళకి. వాళ్ళకి గడ్డి ఇవ్వకుండా అంతే లెక్క ఇటుకలు కోయమన్నాడు ఫరో. పిల్లల్ని నీళ్ళలో పారేయించాడు. దేవుడు వచ్చి, మీ ఆత్మల్ని పరలోకానికి తీసుకుపోతాను, ఇటుకలు కోస్తానే ఉండండి అన్నాడా? వాళ్ళ మూలుగు విన్నానన్నాడు. ఆ నేల మీది నుంచి, ఆ కొరడా కింది నుంచి, కాళ్ళతో నడిపించి బయటికి తెచ్చాడు. సముద్రం దాటి అవతలి గట్టున నిలబడినప్పుడు వాళ్ళు దాన్ని రక్షణ అన్నారు. యేసు అనే పేరుకి అర్థమే దేవుడు రక్షించును అని. ఆ పేరు పెట్టుకున్న తల్లీ తండ్రీ కూడా రాజు కత్తికి జడిసి బిడ్డని ఎత్తుకుని రాత్రికి రాత్రి పారిపోయినోళ్ళే.

జక్కయ్య కథ సండేస్కూల్లో మనందరం పాడుకున్నాం. పొట్టివాడు, చెట్టెక్కాడు అని. ఆ కథ ఆఖర్న ఏమైందో మనకి సరిగా చెప్పలేదు. జక్కయ్య పన్నుల గుత్తదారు. జనాన్ని పిండి ఆస్తి కూడబెట్టాడు. యేసయ్య ఆ ఇంట్లో భోజనానికి వెళ్ళాడు. జక్కయ్య లేచి, నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాను అన్నాడు. అప్పుడు, ఆ మాట అన్న తర్వాతే, ఈ ఇంటికి రక్షణ ఇవ్వాళే వచ్చిందని యేసయ్య చెప్పాడు. చచ్చాక వస్తుందని చెప్పలేదు. దోచుకున్నది తిరిగిచ్చినచోట రక్షణ ఆ రోజే వస్తుంది. మన దారి కలుపుకున్న ఆసామికి కూడా రక్షణ ఉంది. వాడు ఏ మతంవాడైనా సరే. కలుపుకున్న చాళ్ళు వెనక్కివ్వాలి, అంతే.

పాపం లేదని నేను అనడంలేదు. మన తాగుడూ, మన ఇళ్ళల్లో ఆడోళ్ళ మీద మనం ఎత్తే చెయ్యీ పాపం కాకపోతే ఏంటి? వాటికి క్షమాపణ కావాలి, మారుమనసు కావాలి. ఆ క్షమాపణ ఉచితం అనేదే సువార్త. ఉచితం అనే మాటని కొంచెం ఆలోచించండి. వేల ఏళ్ళ నుంచి మనకి ఏం చెప్పారు? పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టి ఈ జన్మలో మాదిగవై పుట్టావు, మాలవై పుట్టావు. ఈ జన్మలో నోరు మూసుకుని ఊడిగం చేస్తే వచ్చే జన్మలో చూద్దాం. దేహం మారిపోతా ఉంటుంది, కులం మాత్రం ఖాతా పుస్తకంలాగా వెంట వస్తుంది. పునరుత్థానం ఈ ఖాతా పుస్తకాన్ని చింపేసింది. నీకున్నది ఒక్కటే బతుకు, ఒక్కటే దేహం. నీ పుట్టుక శిక్ష కాదు. ఈ దేహాన్నే దేవుడు చేశాడు, దీన్నే మళ్ళీ లేపుతాడు, దీనికి చేసిన అన్యాయానికే లెక్క అడుగుతాడు అని చెప్పింది. మన ముత్తాతలకి ఇది మామూలు మాట కాదు.

వాళ్ళు ఆ మాట విని ఏం చేశారో చూడండి. ఒంగోలు ప్రాంతంలో 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. సువార్తని దొరల కంటే ముందు ఊరూరా మోసింది ఆయన కాళ్ళే. మాదిగల్ని చేర్చుకోకపోతే మేం వస్తామని పై కులాలవాళ్ళు క్లౌ దొరకి కబురు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. కూడు కోసం వచ్చారనే మాట పడకూడదని, కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి పని అయిపోయి, పంచేందుకు ఏమీ లేని రోజుల్లో జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గంజి కోసం మతం మారారని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకి ఈ లెక్క చెప్పండి.

మునిగి లేచిన తర్వాత వాళ్ళు పరలోకం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారా? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. జాతరలకి డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పనికి రాం అన్నారు. పిల్లల్ని బడికి పంపుతాం అన్నారు. దానికి కరణాలు, మునసబులు ఎన్ని బాధలు పెట్టాలో అన్నీ పెట్టారు. అయినా వెనక్కి పోలేదు. ఏట్లో మునగడం అంటే పాత బతుకు చచ్చి సమాధి కావడం, లేవడం అంటే కొత్త బతుకు అని పౌలు రాశాడు. ఆ పత్రిక చదవడం రాని మన ముత్తాతలు దాన్ని ఒంటితో అర్థం చేసుకున్నారు. రక్షణ వాళ్ళకి ఆదివారం నాడు పనికి రానని చెప్పగలిగిన నోరు. తర్వాత తర్వాత ఆ నోటికి ఓర్పు అనే గుడ్డ కుక్కింది ఎవరో మనం ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఈ ఉదయం సంగతికి వస్తాను. ఆ ఆదివారం తెల్లారుజామున ఏం జరిగింది?

సిలువ అనేది రోమా ప్రభుత్వం బానిసలకీ, తిరగబడ్డవాళ్ళకీ వేసే శిక్ష. రోమా పౌరుణ్ణి మామూలుగా సిలువ వెయ్యరు. నలుగురూ నడిచే దారి పక్కనే, బట్టలూడదీసి, అందరూ చూసేటట్టు చంపుతారు. శవాన్ని చాలాసార్లు దించనిచ్చేవాళ్ళు కాదు, కాకులకీ కుక్కలకీ వదిలేసేవాళ్ళు. ఎందుకు? చంపడం ఒక్కటే అయితే కత్తి చాలు. అవమానం చెయ్యాలి. చూసినవాడు మళ్ళీ తల ఎత్తకూడదు. ఊరి బయట, పాకీ దొడ్డి పక్కన, చెట్టుకి కట్టేసి కొట్టడం అంటే మనకి వేరే వివరించి చెప్పక్కర్లేదు.

అప్పుడు అరిమతయియ యోసేపు అనే పెద్దమనిషి ధైర్యం చేసి పిలాతు దగ్గరికి పోయి శవాన్ని అడిగాడు. దేహానిది ఏముంది, ఆత్మ పోయింది కదా అనుకోలేదు. శవాన్ని తెచ్చి, నారబట్ట చుట్టి, తన కోసం తొలిపించుకున్న సమాధిలో పెట్టాడు. పెద్దలు ఊరుకున్నారా? పిలాతు దగ్గరికి పోయి సమాధికి కాపలా పెట్టించారు. రాయికి ముద్ర వేయించారు. ప్రభుత్వ ముద్ర! చచ్చినవాడిని చూసి కూడా జడిశారు. మూడోరోజు సమాధి ఖాళీ అయితే, కాపలావాళ్ళకి డబ్బిచ్చి, శిష్యులు రాత్రిపూట శవాన్ని ఎత్తుకుపోయారని చెప్పమన్నారు. పైవాళ్ళతో మేం మాట్లాడుకుంటాం, మీకేం కాదులే అని హామీ కూడా ఇచ్చారు. మత్తయి సువార్త ఆఖరి అధ్యాయం ఇంటికి పోయి చదవండి. దొంగ సాక్ష్యం, లంచం, పైవాళ్ళ అండ, అన్నీ ఉన్నయ్ అందులో. మన పోలీసు స్టేషన్ కాగితం చదివినట్టే ఉంటుంది.

అక్కడికి మొదట పోయింది ఎవరు? ఆడోళ్ళు. మగ్దలేనే మరియ, ఇంకొందరు అమ్మలు. మగోళ్ళు తలుపులేసుకుని కూర్చున్నారు. ఆడోళ్ళొచ్చి లేచాడని చెపితే అవి వెర్రిమాటలన్నారు. లోకంలో మొట్టమొదటి పునరుత్థాన సాక్షులు ఆడోళ్ళు. అయినా మన సంఘాల్లో ఇప్పటికీ కమిటీ అంటే మగోళ్ళే. ఈ సిగ్గు కూడా మనమే మొయ్యాలి.

లేచిన యేసయ్య ఎట్లా ఉన్నాడు? ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్న సంగతి. చావుని గెలిచినవాడు కదా, ఒంటి మీద మచ్చ లేకుండా వచ్చి ఉండొచ్చు. అట్లా రాలేదు. చేతులకి మేకుల గాయాలు, పక్కన బల్లెపు పోటు, వాటితోనే వచ్చాడు. తోమా నమ్మనంటే, ఆ గాయాల్లోనే చెయ్యి పెట్టి చూడమన్నాడు. అంటే దేవుడు గాయాల్ని తుడిచెయ్యలేదు. వాటిని సాక్ష్యంగా ఉంచాడు. కోర్టులు కొట్టేసినా ఆ సాక్ష్యం కొట్టివేత కాదు.

అందుకే చుండూరు జ్ఞాపకం చేసుకోవాలి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మన వాళ్ళు ఎనిమిది మందిని పొలాల్లో తరిమి నరికారు. గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. దేహాలు కూడా దొరక్కూడదని. ఆ ఎనిమిది మంది పేర్లలో ఒకటి ఇమ్మానుయేలు. దేవుడు మనకి తోడు అని ఆ పేరుకి అర్థం. చుండూరు జనం ఏం చేశారు? శవాల్ని వెతికి తెచ్చుకున్నారు. ఎక్కడో మూల శ్మశానంలో కాదు, ఊరి నడిబొడ్డున సమాధి చేసుకున్నారు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. అదే ఊళ్ళో ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. తీర్పులు మారినయ్. ఊరి నడుమ సమాధులు మాత్రం కదల్లేదు.

మిత్రులు నన్ను అడుగుతారు, పునరుత్థానం నమ్మితే ఆ ఎనిమిది మందికి ఏం ఒరిగింది అని. నేను తిరిగి అడుగుతాను. పునరుత్థానం లేదనుకుందాం. అప్పుడు చంపినవాడిదే ఆఖరి మాట అవుతుంది కదా? విడుదలైనవాడు మనవళ్ళని ఆడించుకుంటా బతికాడు, చచ్చినవాడు చచ్చాడు, కథ అయిపోయింది అని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోను. మా అమ్మ తడిసిన చీర దగ్గర నేను దాన్ని ఒప్పుకోలేను. ఆ దేహాల లెక్క ఇంకా మూయలేదు అని చెప్పేదే పునరుత్థాన నిరీక్షణ. లెక్క మూయలేదు కాబట్టే మనం పోరాటం మానం. పౌలు కొరింథువాళ్ళకి పునరుత్థానం గురించి అంత పెద్ద అధ్యాయం రాసి, ఆఖరికి ఏం చెప్పాడు? కాబట్టి కూర్చోండి అని చెప్పలేదు. కదలకుండా నిలబడండి, మీరు పడే ప్రయాస వృథా కాదు అనే అర్థం వచ్చేటట్టు ముగించాడు.

ఇంకో సంగతి. మనల్ని అణచిపెట్టింది ఏంటి? పొలమా, డబ్బా, కర్రా? వాటన్నిటి వెనక ఉన్నది చావు భయం. ఎదురు మాట్లాడితే చంపుతారు, అంతే. చావు భయంతో మనుషులు బతుకంతా బానిసలుగా ఉంటారని, ఆ భయం నుంచి విడిపించడానికే క్రీస్తు చచ్చి లేచాడని హెబ్రీ పత్రికలో ఉంది. 1985 జూలైలో కారంచేడు చెరువు కాడ మన మంచినీళ్ళు మురికి చేస్తుంటే ఒక మాదిగ ఆడబిడ్డ అడ్డం తిరిగింది. కొట్టబోతే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. ఆమె పేరు సువార్త. తర్వాత రోజు, జూలై 17న పల్లె మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడినుంచే దళిత మహాసభ లేచింది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్ళకి. ఆ బిందె ఎత్తిన క్షణాన్ని నేను రక్షణ అంటాను. ఆమె భయం నుంచి లేచింది. ఆ తర్వాత ఒక జాతి లేచింది.

ఇప్పుడు మన దారి దగ్గరికి వస్తాను. శ్మశానాలు చూడాల్సింది పంచాయతీ. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో, ఎస్సీలని శ్మశానం వాడుకోనివ్వకుండా అడ్డుకుంటే నేరం అని స్పష్టంగా రాశారు. అయితే మనం స్టేషన్‌కి పోతే ఏమంటారు? "మీరు క్రైస్తవులు కదా, మీకు ఈ చట్టం వర్తించదు" అంటారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింలని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్నవాడు బీసీ-సి, ఒక్క శాతం. పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన కేసులో 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, మతం మారినవాడికి ఈ చట్టం కింద రక్షణ లేదు అంది.

చూశారా, రక్షణ అనే మాట ఎట్లా తిరిగొచ్చిందో! ఒక రక్షణ తీసుకుంటే ఇంకో రక్షణ పోతుందంట. కొట్టేవాడు మన మెడలో సిలువ చూసి కొట్టడం ఆపుతాడా? గట్టు కాడ నిలబడినవాడు, మీరు క్రైస్తవులు కాబట్టి దారిన పొండి అన్నాడా? కులం పేరుతోనే తిట్టాడు. తిట్టేటప్పుడు మాదిగ, చట్టం అడిగేటప్పుడు క్రైస్తవుడు. అందుకే మనలో చాలామందికి రెండు పేర్లు. చర్చి రిజిస్టర్లో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి. వాళ్ళని నేను తప్పు పట్టను. ఆకలి రాయించిన పేర్లవి. మనిషిని రెండుగా చీల్చే ఈ ఉత్తర్వు పోయేదాకా అడగాల్సిందే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది.

చివరిగా మన తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. అటు చూడండి. ఈ దొడ్డి మధ్యలో ముళ్ళకంచె ఉంది. అటుపక్క మాలపల్లె సమాధులు, ఇటుపక్క మాదిగపల్లె సమాధులు. అటువాళ్ళు లూథరన్, ఇటువాళ్ళు బాప్టిస్టు అని పైకి చెప్తాం. నిజం అందరికీ తెలుసు. ఈ కంచె ఆసామి వెయ్యలేదు. మనమే వేసుకున్నాం. కొరింథు సంఘంలో ఉన్నోళ్ళు ముందు తినేసి, లేనోళ్ళని పస్తుపెట్టి, దానికి ప్రభువు బల్ల అని పేరు పెట్టారు. పౌలు వాళ్ళని గట్టిగా తిట్టాడు. ఆయన ఈ కంచె చూస్తే మనల్ని ఏమనేవాడు? ఆఖరి రోజున లేచేటప్పుడు ఈ ముళ్ళు మన బట్టలకి తగులుకోవా? దారి గురించి ఇన్నేళ్ళు మాలపల్లె వాళ్ళు ఒక అర్జీ పెట్టారు, మాదిగపల్లె వాళ్ళు ఒక అర్జీ పెట్టారు. ఆసామి రెండింటినీ చూసి నవ్వుకున్నాడు.

ఇవ్వాళ మొదటిసారి రెండు పల్లెలూ ఒకేచోట కొవ్వొత్తులు వెలిగించినయ్. ఒకే అర్జీ రాశాం. నక్షా నకలు, సర్వే నంబరు జతచేశాం. ఇద్దరు అయ్యగార్లూ మొదటి సంతకాలు పెడతామన్నారు. అమ్మలు పెట్టాలి, తర్వాత మగోళ్ళు పెట్టాలి. ఆ సమాధి దగ్గరికి మొదట పోయింది వాళ్ళే కాబట్టి. సంతకం రానోళ్ళు వేలిముద్ర వెయ్యండి, అదేం చిన్నతనం కాదు. మంగళవారం పొద్దున పదింటికి రెండు పల్లెలూ కలిసి తహశీల్దారు ఆఫీసుకి పోవాలి. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. కూలి పోతుందని నాకు తెలుసు. పోయే కూలి ఒక్కరోజుది. మన ముత్తాతలు ఆదివారం కూలి వదులుకోబట్టే మనం ఇవ్వాళ ఇట్లా నిలబడ్డాం.

ఆ పెద్దాయన అన్నమాట మళ్ళీ చెప్తాను. దేహం మట్టే. నిజమే. కానీ విత్తనం పడేది కూడా మట్టిలోనే. మనం నారు పోసేవాళ్ళం, మనకి తెలియంది కాదు. విత్తనాన్ని ఎవరూ కాలవలో పారెయ్యరు. దాని చోటున దాన్ని, చేత్తో, మర్యాదగా వేస్తారు. ఎందుకంటే అది లేస్తుందని తెలుసు కాబట్టి. మన చచ్చినోళ్ళు లేస్తారని నమ్మేవాళ్ళమైతే, వాళ్ళని మర్యాదగా ఇక్కడికి తెచ్చుకునే దారి అడుగుదాం. బతికున్న మనం ముందు లేద్దాం.

తూర్పు తెల్లబడింది. కాగితం ఆ బల్ల మీద ఉంది. వరసగా రండి.